ఇంప్లాంట్‌కి ఎముక పొడి: ఆవుదా, పందిదా?

వేణు_కూకట్‌పల్లి: పై దవడలో వెనక పన్ను పోయి చాలా కాలమైంది. ఎముక పల్చబడిందట, సైనస్ లిఫ్ట్ (దవడ పైనున్న గాలి గది అడుగు పొరను పైకి లేపడం) చేసి, ఆ ఖాళీలో గ్రాఫ్ట్, అంటే ఎముక పొడి, వేయాలన్నారు. ఆవు ఎముకతో చేసినదీ, పంది ఎముకతో చేసినదీ ఉన్నాయన్నారు. ఏది బెటర్?

డెంటిస్ట్_బెజవాడ: సైనస్ అయితే ఆవుదే. బయో-ఆస్ లాంటి ఆవు పొడులు చాలా మెల్లగా కరుగుతాయి. ఏళ్ల తర్వాత చూసినా రేణువులు కనిపిస్తాయి, అందుకే లేపిన ఎత్తు నిలుస్తుంది.

పెరియో_వైజాగ్: ఏళ్ల తర్వాత కూడా రేణువులే ఉంటే అది సొంత ఎముక అయినట్టా? జెన్-ఆస్ లాంటి పంది గ్రాఫ్ట్‌లో కొల్లాజెన్ (ఎముకలోని ప్రొటీన్) ఉంచుతారు. అది కరుగుతూ పోతే ఆ చోటికి మన ఎముక వస్తుంది. పన్ను తీసిన గుంటలో నేను అదే వాడతా.

డెంటిస్ట్_బెజవాడ: గుంట వేరు, సైనస్ వేరు. ఆయన అడిగింది సైనస్ గురించి. కరిగిపోయేది వేస్తే ఎత్తు తగ్గదా?

చిన్ని88: పిచ్చి ఆవు జబ్బు అంటుకోదా?

డెంటిస్ట్_బెజవాడ: వేడి, రసాయనాలతో ప్రొటీన్ తీసేస్తారమ్మా. మిగిలేది ఖనిజమే. ఆ ముప్పు బహు తక్కువ.

శాస్త్రి_గుంటూరు: ఖనిజమే అని మా నాన్నగారికీ చెప్పి ఉండాల్సింది. బిల్లులో ‘బోన్ గ్రాఫ్ట్’ అని రాశారు, అంతే. ఫైల్లో అంటించిన స్టిక్కర్ మీద ‘బొవైన్’ అని చూసి, అంటే ఆవు జాతిదని మా అబ్బాయి అర్థం చెప్పాడు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

డెంటిస్ట్_బెజవాడ: శాస్త్రి గారూ, ప్రొటీన్ లేనప్పుడు...

శాస్త్రి_గుంటూరు: నేను ప్రొటీన్ సంగతి అడిగానా? ముందు చెప్పారా లేదా అని అడుగుతున్నా.

రఫీ_కర్నూలు: ఆవుది వేసుకుంటే మాకు ఇబ్బంది లేదనుకున్నా. పైన కప్పే పొర పంది కొల్లాజెన్ అని తర్వాత తెలిసింది. దాని ఊసే ఎత్తలేదు.

పెరియో_వైజాగ్: నిజమే, బయో-గైడ్ అనే పొర పందిదే. చాలామంది ఆవు పొడి మీద అదే కప్పుతారు.

డెంటిస్ట్_బెజవాడ: ప్రతివాళ్లకీ జంతువు పేరు చెప్పుకుంటూ కూర్చుంటే సగం మంది కుర్చీ దిగి వెళ్లిపోతారండీ! ప్రాక్టీస్ చేసేవాడికి తెలుస్తుంది ఆ బాధ.

శాస్త్రి_గుంటూరు: అలా చెప్పండి! అందుకే దాస్తున్నారన్నమాట.

పెరియో_వైజాగ్: నేనూ ప్రాక్టీసే చేస్తున్నా. వెళ్తే వెళ్లనివ్వండి. బీటా-టీసీపీ (జంతువుది కాని, కృత్రిమంగా చేసిన ఖనిజ పొడి) ఉంది, సొంత దవడ ఎముక ఉంది.

డెంటిస్ట్_బెజవాడ: సొంత ఎముకంటే ఇంకోచోట కోత. ఆ నొప్పి గురించి కూడా చెబుతారా మరి?

పెరియో_వైజాగ్: చెబుతా. సంతకానికి ముందే.

వేణు_కూకట్‌పల్లి: సార్, పొర కూడా తప్పనిసరా? మా డాక్టర్ పొడి గురించే చెప్పారు.