సమస్య: మీసమున్నవాఁడు మెలత గాదె

నిర్వాహకుడు: నిన్న సెలూన్‌లో నా వంతు కోసం కూర్చుంటే పక్కనాయన గంటసేపు మీసం కొసలు దిద్దించుకున్నాడు. వాళ్లావిడ ఫోన్‌లో "ఇంకొంచెం తగ్గించమనండి" అంటూనే ఉంది. అప్పుడు తట్టింది ఈ పాదం (మెలత అంటే స్త్రీ). దీన్నే చివరి పాదంగా పెట్టి, అర్థం కుదిరేలా పద్యం పూరించండి. ఆదివారం రాత్రి దాకా గడువు.

గంటం: బోణీ నాదే.

వింట మేటి యైన విజయుండు విరటుని
కొలువుఁ జేరి యాటఁ గోరి నేర్పె
గడువు దీరు దాఁకఁ గాండీవ మది దాఁచె
మీసమున్నవాఁడు మెలత గాదె

కొబ్బరాకు: ధార బాగుంది గంటం గారూ. కానీ ఈ పాదం చూడగానే పదిమందికీ విరటుని కొలువులో ఆట నేర్పిన అర్జునుడు, ఆ బృహన్నలే గుర్తొస్తాడు. పైగా ఊర్వశి శాపంతో ఆయన పేడి (నపుంసకుడు) అయ్యాడు, మెలత కాలేదు. మీసం సంగతి కూడా తేల్చలేదు. ఏడాదిపాటు రోజూ గొరుక్కున్నాడా?

గంటం: కొబ్బరాకు గారి దగ్గర 'ధార బాగుంది' అనిపించుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. మిగతాది చదవలేదు.

కొబ్బరాకు: సరే, నాదీ చూడండి.

కూచిపూడి లోనఁ గొఱిగినంతనె చాలు
సత్యభామ యౌను జడను వేసి
పొద్దు పొడువ మరలఁ బురుషుఁడే యనవచ్చు
మీసమున్నవాఁడు మెలత గాదె

నల్లబల్ల: భేష్! 'జడను వేసి' దగ్గర ఆగిపోయాను. జడ వేయడమంటే అల్లుకోవడం. కూచిపూడి వారి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి సవాలు విసరడం కూడా అదే మాటలో ఒదిగింది. కూచిపూడిలో ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ కళ్ల ముందుకొచ్చింది. మా నాన్న అయితే నాటకాల్లో ఆడవేషాలు కట్టిన బాపట్ల స్థానం నరసింహారావు గారి పేరే చెప్పేవారు.

చింతపిక్క: జడ సరే నల్లబల్ల మాస్టారూ, మూడో పాదం చూడండి. రాత్రి గొరిగిన మీసం తెల్లారేసరికి ఎలా మొలిచింది? వెంట్రుక పెరిగేది నెలకు అరంగుళం లోపే. మీసమని చెప్పుకునేలా కనబడాలంటే మూడు నాలుగు వారాలు కత్తెర తాకకుండా ఉండాలి. పొద్దు పొడిస్తే పురుషుడేమో గానీ, మీసమున్నవాడు మాత్రం కాడు.

కొబ్బరాకు: ఉగాది సమస్యలో వ–బ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదిరే అక్షరం) వేసి, అవి రెండూ ఒకటే, అభేదమంటూ రెండు రోజులు వాదించిన వారు నాకు కాలగణన నేర్పుతున్నారు. సంతోషం.

చింతపిక్క: అభేదమే. ఇప్పటికీ అభేదమే.

నిర్వాహకుడు: ఆ గొడవ మళ్లీ వద్దు. పూరణ పెట్టండి.

చింతపిక్క: ఇదిగో.

గుండ్ర మోము వాఁడు గుబురు బుగ్గలఁ బెంచి
గుమ్మడివలె నుండెఁ గోసి చూడ
గడ్డ మున్న చోట నించుక పొడవుంచ
మీసమున్నవాఁడు మెలత గాదె

ఇది స్వానుభవం. నాది గుండ్రటి మొహం. బుగ్గల మీద ఒత్తుగా వదిలేస్తే ఇంకా వెడల్పుగా కనబడుతుంది. చెంపలు పొట్టిగా కత్తిరించి, గడ్డం కింద పొడవుంచితే మొహం కాస్త సాగినట్టుంటుంది. కోలమొహం వాళ్లకు దీనికి తారుమారు.

కొబ్బరాకు: మూడో పాదంలో గ–ని యతి ఏ అభేదమండీ?

గంటం: 'నించుక' తీసి 'గొంత' అని మారిస్తే?

నల్లబల్ల: గ–గొ కుదరదు నాయనా, అత్వానికి ఒత్వం చెల్లదు. 'గడ్డ మున్న చోటఁ గాస్త పొడవు నుంచ' అంటే సరిపోతుంది. యతి తీరింది గానీ సమస్య తీరలేదు. మొహం సాగితే వాడు మెలత ఎలా అయ్యాడు?

చింతపిక్క: మెచ్చుకునేది మెలత గాదె అని అన్వయం.

కొబ్బరాకు: 'మెచ్చుకునేది' పద్యంలో ఎక్కడుంది? ఇది పూరణ కాదు, సెలూన్ గోడ మీద అంటించే కాగితం. సలహా మాత్రం మంచిదే, మా తమ్ముడికి పంపాను.

గంటం: సలహా అంటే నాదీ ఒకటి. మా బావమరిది పెళ్లికి ముందు రోజు తలస్నానం చేసి, తడి గడ్డం మీదే ట్రిమ్మర్ పెట్టాను. తడిగా ఉన్నప్పుడు వెంట్రుక సాగి పొడవుగా కనబడుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. ఆరేసరికి కుడివైపు చర్మం తేలింది. దాన్ని సరిచేయబోయి ఎడమ, ఎడమను సరిచేయబోయి మళ్లీ కుడి. చివరికి ముక్కు కింద ఈగ వాలినంత మిగిలింది. పెళ్లి ఫొటోలన్నింటిలో చేతిరుమాలు అడ్డంపెట్టుకుని ఉన్నాను.

నల్లబల్ల: మీసమూ పద్యమూ అన్నాక తిరుపతి వేంకట కవులను తలవకపోతే ఎలా? వాళ్ల మీసం సోకు కాదు, పందెం. తెలుగులో, సంస్కృతంలో తమను గెలిచినవాడు ఎదురైతే తీసేస్తామన్నారు. అక్కడ సత్యభామ జడ, ఇక్కడ జంటకవుల మీసం. రెండూ సవాళ్లే. కొబ్బరాకు గారూ, ఇది పద్యంలోకి ఎక్కించి ఉంటేనా...

కొబ్బరాకు: రెండో పూరణలో ఎక్కిస్తా మాస్టారూ.

గోంగూరక్క: ఇంత సేపూ మగవాళ్లే మాట్లాడారు. నా వంతు.

నూనె రాసి దువ్వి నునుపుఁ జేయు నెవండు?
పెంపు చాలుననుచు బెదరఁ గొట్టి
కొలత చెప్పు నెవరు కొలువైన యింటిలో?
మీసమున్నవాఁడు! మెలత గాదె!

నల్లబల్ల: అద్భుతం తల్లీ! క్రమాలంకారం. రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. పాదాన్ని నడుమ విరిచి సమస్యను మాయం చేశావు.

కొబ్బరాకు: 'రాసి' వ్యావహారికం. 'పూసి' అంటే గణమూ (ఛందస్సు లెక్క) చెడదు, మాటా నిలుస్తుంది. అది తప్ప వంక లేదక్కయ్య గారూ.

చింతపిక్క: కొబ్బరాకు గారికి వంక దొరకలేదంటే ఈ రోజు క్యాలెండర్‌లో రాసుకోవాలి.

నిర్వాహకుడు: 'పూసి' అని మార్చేశాను. ఈ వారం అక్కయ్య గారిదే. సెలూన్‌లో ఫోన్ చేసినావిడకు కూడా ఈ పద్యం చేరితే బాగుండు.

చింతపిక్క: అక్కయ్య గారూ, కొలత మీరే చెప్పండి. నా గడ్డం ఫొటో పెట్టమంటారా?

గోంగూరక్క: ముందు ఆ యతి దిద్దుకో తమ్ముడూ. గడ్డం తర్వాత చూద్దాం.