‘అడ్డగోలుగా’ అంటే ‘అసంబద్ధంగా’ అనేనా?

నల్గొండ_గ్రూప్స్: అనువాదం ప్రాక్టీస్ చేస్తున్నా. ఇంగ్లీషు ‘అబ్సర్డ్‌లీ’కి ‘అసంబద్ధంగా’ అని నేర్చుకున్నా. ‘అబ్సర్డ్‌లీ చీప్’ వస్తే ‘అసంబద్ధంగా చవక’ అని రాశా. కోచింగ్‌లో సార్ పడిపడి నవ్వారు. ఇంట్లో అనే ‘అడ్డగోలుగా’ రాయొచ్చా? ఇంకోటి, ‘గా’ తీసేసి ‘అసంబద్ధం మాట్లాడాడు’ అంటే తప్పా?

బత్తాయి_తోట: చవక అన్నావు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. మొన్న కాయ తెంపించి లోడు పంపితే దళారి తూకంలో అడ్డగోలుగా తరుగు తీశాడు. ఎందుకన్నా అంటే ‘తొక్క మందం ఉంది’ అన్నాడు. తొక్క లేని బత్తాయి ఏ చెట్టుకు కాస్తది? ఇక్కడ ‘అసంబద్దంగా తరుగు తీశాడు’ అని చదువు, సగం కోపం దిగిపోతుంది.

తెలుగు_మాస్టారు: 22 ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. ‘సంబద్ధం’ అంటే కట్టి ఉన్నది, బంధం అన్న మాటకు చుట్టమే. మాటకూ మాటకూ ముడి లేకపోతే అసంబద్ధం. మీ దళారి మాటకు లాభంతో గట్టి ముడే ఉంది, అది అన్యాయం. ‘అసంబద్దం’ కాదు, ద కింద ధ వత్తు ఇవ్వాలి.

బత్తాయి_తోట: నా లోడు పోయింది, మీకు వత్తు కనబడింది.

దేవరకొండ_బస్సు: అడ్డగోలు అంటే అన్యాయమే అని ఎవరన్నారు? పెళ్లికి పోయి ‘అడ్డగోలుగ తిన్నా’ అంటాం. ఎవర్ని మోసం చేసినట్టు?

తెలుగు_మాస్టారు: అది వాడుక చెడిపోవడం.

దేవరకొండ_బస్సు: కోస్తావాళ్లు అంటే నుడికారం, మేమంటే చెడిపోవడమా సార్?

తెలుగు_మాస్టారు: నాదీ వనపర్తే. నాకు యాస నేర్పకు.

గడియారం_సెంటర్: జర ఆగండి ఇద్దరూ. నైజాంలో తెలుగు కవులే లేరని అసంబద్ధంగా రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులను అచ్చేసి చూపించారు. మీలా తిట్టుకోలేదు.

దేవరకొండ_బస్సు: అది అసంబద్ధంగా రాయడం కాదన్నా, అడ్డగోలుగా రాయడం. కనుక్కోకుండానే రాసేశారు.

పాలమూరు_సబ్‌టైటిల్: పిల్లవాడి ‘చవక’ను అందరూ వదిలేశారు. ఆ ఇంగ్లీషు మాట రెండు పనులు చేస్తుంది. ‘అబ్సర్డ్‌లీ మాట్లాడాడు’ అంటే అర్థంపర్థం లేకుండా. చవక, పొడుగు లాంటి మాట ముందు నిలబడితే ‘మరీ’, ‘నమ్మలేనంత’. కాబట్టి ‘నమ్మలేనంత చవక’ అని రాయి. మన ‘అసంబద్ధంగా’ ఆ రెండో పని చేయదు, ‘అడ్డగోలుగ తిన్నా’లో అడ్డగోలు చేస్తోంది. బస్సు అన్న చెప్పింది చెడిపోవడమేమీ కాదు. లాటిన్‌లో ‘అబ్సర్డస్’ అంటే మొదట శ్రుతి కలవనిది. వాళ్లు చెవితో పట్టుకున్నారు, మనం ముడితో.

తెలుగు_మాస్టారు: లాటిన్ ఇక్కడెవరికి కావాలి?

మిర్యాలగూడ_మనవడు: మా నాయనమ్మ ఈ రెండూ అనేది కాదు. కరెంటు పోయి వచ్చాక బల్బు వెలగలేదని, కుర్చీ మీద స్టూలు, దాని మీద పప్పు డబ్బా వేసి ఎక్కా. చేతిలో బల్బు ఉంది, స్విచ్ ఆఫ్ చేయలేదు. ‘ఇగురం లేకుండ ఎక్కినవేంరా’ అంది. ఇగురమంటే తెలివి, ఒడుపు లాంటిది. డబ్బా జారింది, కందిపప్పు మూడు రోజులు ఏరాం. ఇగురాన్ని ఇంగ్లీషులోకి మార్చండి చూద్దాం.

దేవరకొండ_బస్సు: పప్పు ఏరడం కూడా ఇగురం లేని పనే. ఊడ్చి చెరగాలి.

నల్గొండ_గ్రూప్స్: నా రెండో ప్రశ్న?

పాలమూరు_సబ్‌టైటిల్: ‘గా’ ఉండాల్సిందే. ‘అగు’ నుంచి వచ్చిన ముక్క అది, పని ఎలా జరిగిందో చెప్పేది అదే. వద్దనుకుంటే ‘అసంబద్ధమైన మాటలు మాట్లాడాడు’ అను. పరీక్షలో మాత్రం ‘అడ్డగోలుగా’ రాయకు, దిద్దేది మాస్టారు లాంటివాళ్లే.

తెలుగు_మాస్టారు: నేనైతే అర మార్కు ఇస్తా.

బత్తాయి_తోట: రేపు ఇంకో లోడు పోతోంది. మీ దగ్గర టన్నుకు ఎంత తరుగు తీస్తున్నారో ఎవరైనా చెప్పండయ్యా.