సిమ్యులేషన్ ముందా, సెల్లూ వైరూ ముందా?

గట్టుబడి:
ఆయ్, సైన్సు చెప్పే మాస్టార్లకీ మేడంలకీ నమస్కారం. 8 నుంచి 10వ తరగతి దాకా భౌతిక, రసాయన శాస్త్రాలు. ప్రొజెక్టర్ ఉంది, ల్యాబ్ సామాను అరకొర. కోనసీమ తోటల్లో నెట్ ఓ పూట ఉంటే ఓ పూట ఉండదు. సిమ్యులేషన్, అంటే కంప్యూటర్ తెర మీద ఆడించే ప్రయోగం, చూపిస్తే నిజంగా ప్రయోగం చేసినట్టేనని కొందరంటారు, అది వీడియో గేమని కొందరు కొట్టిపారేస్తారు. ఏది వాడాలి, ఏ వరసలో? దయచేసి ఉత్త లింకులు పెట్టకండి, అవి వాట్సాప్ గ్రూపుల్లో కుప్పలున్నాయి.

గౌతమి_పాయ:
నా ఓటు ఫెట్ (PhET) అనే సైన్సు సిమ్యులేషన్ల సైటుకి. నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినది, కొలరాడో విశ్వవిద్యాలయం నడుపుతోంది, పైసా ఖర్చు లేదు. నెట్ పోతుందన్న బెంగా అక్కర్లేదు. సిమ్యులేషన్ పేజీలో డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే ఒకే ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్ దిగుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ బ్రౌజర్‌లోనైనా తెరవచ్చు. అనువాదాల జాబితాలో తెలుగు కనిపిస్తే అక్కడి నుంచే దించుకోండి. అన్నిటికీ తెలుగు లేదు. జావా అని రాసి ఉన్న పాతవాటి జోలికి వెళ్లకండి, బడి కంప్యూటర్లలో అవి సతాయిస్తాయి. ఫ్లాష్‌తో చేసిన పాత సైట్లు 2020 చివరితోనే పోయాయి.

ఇక వరస. ముందు సిమ్యులేషనే. డీసీ సర్క్యూట్ కిట్ తెరిచి అయిదు నిమిషాలు పిల్లల్ని ఆడుకోనివ్వండి. షార్ట్ చేసి బ్యాటరీకి మంట పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. తర్వాత ఒక్కటే ప్రశ్న: ఒక బ్యాటరీ, రెండు బల్బులు, శ్రేణిలో పెడితే ఎక్కువ వెలుగా, సమాంతరంగా పెడితేనా? జవాబు ముందు నోటుబుక్కులో రాయాలి, ఆ తర్వాతే స్విచ్. ఈ రాయించడం వదిలేస్తే ఆటే మిగులుతుంది. నలభై మంది ఉన్న క్లాసులో అసలు కిట్లతో మొదలుపెడితే వదులు కనెక్షన్లు వెతకడంతోనే పీరియడ్ అయిపోతుంది.

ఉప్పుగాలి:
ఆ వదులు కనెక్షన్ వెతకడమే పాఠం కదా గౌతమి గారూ! సిమ్యులేషన్‌లో వైరు వైరుకి అతుక్కుపోతుంది. అంతర్వేది, ఓడలరేవు పక్క బళ్లలో సెల్ హోల్డర్ స్ప్రింగు ఒక్క వానాకాలానికే తుప్పెక్కుతుంది. ఎమరీ కాగితంతో రుద్దితే గానీ బల్బు వెలగదు. ఎందుకు వెలగలేదో పిల్లాడు కనిపెట్టాడంటే నిరోధం అంటే ఏమిటో వాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఓమ్ నియమానికి, అంటే వోల్టేజి ఎన్ని రెట్లు పెరిగితే కరెంటూ అన్ని రెట్లు పెరుగుతుందనడానికి, ఖర్చు లేని పద్ధతి చెప్తాను. 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, కొత్త సెల్లు మూడు, చౌక డిజిటల్ మల్టీమీటర్ ఒకటి. ఒక సెల్‌తో 1.5 వోల్టులు, 15 మిల్లీ ఆంపియర్లు. రెండిటితో 30, మూడిటితో 45. మీటర్ 200 మిల్లీ ఆంపియర్ల రేంజిలో ఉంటే సరిపోతుంది. చాలామంది చేసే తప్పు 10 ఓమ్‌లు తీసుకోవడం. మూడు సెల్లకి 450 మిల్లీ ఆంపియర్లు పారి చౌక మీటర్లలో ఫ్యూజు కొట్టేస్తుంది. ఇంకో తప్పు, కరెంటు రేంజిలో ఉన్న మీటర్‌ని నేరుగా సెల్ రెండు కొనలకీ తగిలించడం. దానికీ అదే గతి. "మీటర్ పాడైంది" అని బీరువాలో పడేసినవాటిలో చాలావాటికి మార్చాల్సింది ఫ్యూజే.

రెసిస్టర్ బదులు టార్చి బల్బు పెట్టి ఓమ్ నియమం చూపిద్దామంటే కుదరదు. వేడెక్కే కొద్దీ ఫిలమెంటు నిరోధం పెరుగుతుంది, గ్రాఫు వంగిపోతుంది. సిమ్యులేషన్‌లో మామూలు బల్బు బుద్ధిగా సరళరేఖ ఇస్తుంది. పిల్లాడు అదే నిజమనుకుంటాడు.

గౌతమి_పాయ:
బల్బు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఉప్పుగాలి మాస్టారూ, అందులో అడ్వాన్స్‌డ్ పెట్టె తెరిచారా? బ్యాటరీ లోపలి నిరోధం పెంచే మీట ఉంది. పాత సెల్ ఊరికే కొలిస్తే 1.4 వోల్టులు చూపించి, బల్బు తగిలించగానే ఎందుకు పడిపోతుందో దాంతో చూపించచ్చు. బల్లమీద ఆ నిరోధాన్ని మీకు కావలసినట్టు పెంచగలరా?

ఉప్పుగాలి:
పెంచక్కర్లేదండి, బడిలో ఉన్న సెల్లన్నీ పాతవే.

పరీక్షనాళిక:
మీ ఇద్దరూ కరెంటు దగ్గరే ఆగిపోయారు. ఆమ్లాలూ క్షారాలకి రండి. ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పేది సూచిక. నెట్‌లో సహజ సూచిక వీడియోలు సగానికి సగం ఎర్ర క్యాబేజీతోనే. మన సంతల్లో అదెక్కడ దొరుకుతుంది? శంఖుపూలు ప్రతి దడి మీదా ఉంటాయి. నీలం పూలు పది, 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి పాత నూలుగుడ్డలో వడకట్టండి. ఒక్కో పరీక్షనాళికలో ఈ నీళ్లు 5 మిల్లీలీటర్లు, దాంట్లో పరీక్షించేది చుక్కలుగా. నిమ్మరసానికి గులాబీ, పలచని వెనిగర్‌కి ఊదా, చాకలి సోడాకి ఆకుపచ్చ. సున్నపుతేటకి ముందు ఆకుపచ్చ, కాసేపటికి పసుపు, ఎందుకంటే బలమైన క్షారంలో ఆ రంగు పదార్థమే విరిగిపోతుంది.

ఎక్కడ చెడుతుందంటే, బోరునీళ్లు వాడినప్పుడు. మన బోర్లలో బైకార్బొనేట్లు ఎక్కువున్నచోట పూలు వేయగానే నీళ్లు పచ్చదనం తిరుగుతాయి, ఆ తర్వాత తినే సోడా వేసినా తేడా కనపడదు. వాననీళ్లో డిస్టిల్డ్ వాటరో వాడండి. ఇంకొకటి, సోడాబుడ్డి నీళ్లలాంటి బలహీన ఆమ్లానికి శంఖుపూలు పెద్దగా కదలవు, అక్కడ పీహెచ్ (ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే అంకె; 7 కంటే తక్కువైతే ఆమ్లం) కాగితమే దిక్కు. ద్రావణం ఉక్కపోతకి రెండోరోజుకే పులిసిపోతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజే.

ఇదంతా అయ్యాక ఫెట్ పీహెచ్ స్కేల్ తెరవండి. బలమైన ఆమ్లాన్ని నీళ్లతో 10 రెట్లు పలచన చేస్తే పీహెచ్ ఒక్క అంకే ఎందుకు మారుతుందో అక్కడ బాగా తెలుస్తుంది. ముందు చూపిస్తే అవి ఉత్త అంకెలు. భీమవరం, ఉండి వైపు బళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. రొయ్యల చెరువు నీళ్లు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి తెప్పించి ఆక్వా షాపుల్లో అమ్మే పీహెచ్ కిట్‌తో అప్పటికప్పుడే కొలవండి. మధ్యాహ్నం ఎక్కువ వస్తుంది, నీళ్లని ఆమ్లం వైపు లాగే కార్బన్ డయాక్సైడ్‌ని ఎండలో నాచు లాగేస్తుంది కనక. ఈ పాఠం ఏ సైట్లోనూ వెతకక్కర్లేదు, చెరువు గట్టు మీద ఉంది.

గట్టుబడి:
వీడియోల మాటేమిటి? మంచిదో కాదో దించుకునే ముందే ఎలా తేల్చాలి?

మూడోకన్ను:
కొవ్వొత్తి వీడియోతో పరీక్ష పెట్టండి. పళ్లెంలో సెంటీమీటరు నీళ్లు, వెలుగుతున్న కొవ్వొత్తి, పైన గ్లాసు బోర్లిస్తారు. ఆరిపోగానే నీళ్లు పైకి లేస్తాయి. "ఆక్సిజన్ ఖర్చయింది, గాలిలో అయిదో వంతు అదే, కాబట్టి నీళ్లు అయిదో వంతు లేచాయి" అని చెప్పే వీడియోలు కోకొల్లలు. అది తప్పు. కొవ్వొత్తి ఆరేటప్పటికి ఇంకా బోలెడు ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. గ్లాసు బోర్లించేటప్పుడు వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోతుంది, ఆరాక మిగిలింది చల్లబడి సంకోచిస్తుంది, నీళ్లు లోపలికి ఎక్కుతాయి. సాక్ష్యం కావాలా? ఒక కొవ్వొత్తి బదులు మూడు పెట్టండి. గ్లాసు అదే, గాలి అదే, నీళ్లు మాత్రం ఇంకా పైకి లేస్తాయి. ఒక చానెల్‌ని నమ్మాలో లేదో దాని కొవ్వొత్తి వీడియో చూస్తే చాలు. కొలతలు చెప్పని వీడియో, సరిగ్గా అసలు ఘట్టం దగ్గర కట్ చేసిన వీడియో కూడా పక్కన పెట్టేయండి.

ఏరేటర్_వైండర్:
కట్ చేయడం అంటే గుర్తొచ్చింది, సెల్లూ అయస్కాంతంతో రాగితీగ చుట్టని తిప్పే చిన్న మోటారు వీడియోలు. తుక్కు సామానుతో సైన్సు ఆటబొమ్మలు చేసి చూపించే అరవింద్ గుప్తా సైట్లో బొమ్మల తయారీ దశలవారీగా ఉంటుంది, కొన్ని వీడియోలు తెలుగులో కూడా ఉన్నాయి, వాటితో పేచీ లేదు. వాటిని చూసి ఎవరెవరో తీసినవే గందరగోళం. ఎనామిల్ రాగితీగ సెల్ చుట్టూ పది చుట్లు చుట్టి, చుట్టని సెల్ మీంచి తీసి, రెండు కొనలు ఎదురెదురుగా బయటికి లాగాలి. ఒక కొన పూర్తిగా గీకాలి. రెండో కొన పైసగం మాత్రమే. రెండూ పూర్తిగా గీకేస్తే చుట్ట ఊగి ఆగిపోతుంది, ఎందుకంటే రెండో సగం తిరుగుడులో బలం వెనక్కి లాగుతుంది. ఈ గీకుడే ఆ వీడియోల్లో కనపడదు. తీగకి ఆన్‌లైన్ ఆర్డరు ఎందుకండి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు చుట్టే షాపుకి వెళ్తే తుక్కు తీగ ఊరికే ఇస్తారు, 24 నుంచి 28 గేజి అడగండి. తిరక్కపోతే పదిసెకన్లలో తీసేయండి, సెల్ కాలుతుంది.

గౌతమి_పాయ:
గట్టుబడి గారూ, నెట్ గురించి అడిగారు. పాత ల్యాప్‌టాప్‌లో కోలిబ్రి వేసుకోండి, నెట్ లేకుండానే పాఠాలు చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. నెట్ బాగున్న చోట ఒకసారి పాఠాలు నింపుకుంటే, బళ్లో మామూలు వైఫై రౌటర్ చాలు, ట్యాబులన్నీ దానికే తగులుకుంటాయి. ఫెట్ కూడా అందులో ఉంది. ప్రభుత్వ పాఠాల దీక్షా యాప్ అయితే పుస్తకంలో క్యూఆర్ స్కాన్ చేసి ఇంటిదగ్గరే దించుకుని రావాలి, క్లాసులో స్కాన్ చేస్తూ కూర్చుంటే అంతే సంగతులు. 9, 10కి అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి చేసిన ఆన్‌లైన్ ల్యాబుల సైటు ఓల్యాబ్స్ చూడండి, సిమ్యులేటర్ కంటే అందులోని వైవా ప్రశ్నలు పనికొస్తాయి.

కానీ నా మాట మీదే ఉన్నాను. మీటర్లు ఆరు లేని బడిలో, నలభై మందికి సర్క్యూట్ అంటే ముందు ఫెట్టే.

ఉప్పుగాలి:
ఆరు మీటర్లు లేకపోతే ఒక్కటి చాలు. ఆరు గుంపులు ఎల్ఈడీలతో చేస్తాయి: సెల్లు రెండు, 100 ఓమ్‌లు, ఎర్ర ఎల్ఈడీ. తెల్లది వద్దు, దానికి మూడు వోల్టుల దాకా కావాలి, పాత సెల్లకి వెలగదు. వెలగని గుంపు దగ్గరికి మీటర్ పట్టుకుని వెళ్లండి.