అప్‌డేట్: ముడిచమురు రవాణా మోడల్ కేప్ దారి పట్టకపోవడానికి కారణం దొరికింది

నల్లసముద్రపు ఒడ్డునున్న రష్యా రేవు నొవొరొసిస్క్ నుంచి గుజరాత్‌లోని వాడినార్‌కు ముడిచమురు చేరే అతి తక్కువ ఖర్చు దారిని లెక్కించే నా నెట్‌వర్క్ నమూనా (కంప్యూటర్ మోడల్), సూయజ్ కాలువ సామర్థ్యాన్ని సున్నా చేసినా ఓడలను ఆఫ్రికా దక్షిణాన ఉన్న గుడ్‌హోప్ అగ్రం (కేప్) చుట్టూ ఎందుకు పంపడం లేదని గత నెల ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఒక్కో లింకులో (రెండు చోట్లను కలిపే దారిలో) ఎంత చమురు పారుతోందో విడిగా ముద్రించి చూడమన్న సలహాయే పనిచేసింది. ఆ పట్టికను హన్మకొండలో మా గైడ్ గారి ముందు పెట్టగానే ఆయన ఈజిప్టులోని సుమెడ్ పైప్‌లైన్ వరుస మీద వేలు పెట్టారు. సుమారు 320 కిలోమీటర్ల ఆ పైపు ఎర్రసముద్రపు ఒడ్డునున్న ఐన్ సుఖ్నా నుంచి మధ్యధరా తీరంలోని సిదీ కెరీర్‌కు చమురును తీసుకెళ్తుంది. నేను దాన్ని రోడ్డులాగా రెండు దిశల లింకుగా రాసినందువల్ల, కాలువ మూసిన ప్రతిసారీ రష్యా చమురు అందులో ఎదురు పారి ఎర్రసముద్రంలోకి దిగిపోయింది. ఎదురు దిశను తొలగించాక నమూనా వెంటనే కేప్ దారి పట్టింది, రవాణా ఖర్చూ దూరానికి తగినట్టే పెరిగింది.

టన్నులను బ్యారెళ్లలోకి మార్చడానికి వాడిన, టన్నుకు 7.33 బ్యారెళ్ల గుణకంలో తప్పేమీ లేదు. సాల్వర్ (నమూనా లెక్కను సాధించే సాఫ్ట్‌వేర్) మార్చడానికి నేను వెచ్చించిన వారం రోజులకూ ఈ సమస్యకూ సంబంధం లేదు. పైప్‌లైన్లున్న నమూనా కట్టేవారు ముందుగా ప్రతి పైపు దిశనూ సరిచూసుకోవాలని నా మనవి.