తెర మీది పాఠాల్లో బొమ్మలు: అర్థమవడానికా, అడ్డుపడటానికా?

అక్షరప్రియ: రెండు పేరాలకో బొమ్మ ఉండాల్సిందే అన్న పద్ధతి పాఠాన్ని చెడగొడుతోంది. మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠంలో పిడుగుపాటు ముచ్చట్లు, ఫొటోలు కలిపి ఇచ్చి చూశారు హార్ప్, మేయర్ అనే పరిశోధకులు (1998). అవి లేకుండా చదివినవాళ్లకే అసలు క్రమం బాగా గుర్తుంది.

బొమ్మలబాబు: అది అలంకారం సంగతండీ. వివరించే బొమ్మ వేరు. గుండెలో రక్తం దారి ఉత్త మాటల్లో చెప్పండి చూద్దాం: కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని. సగానికే తికమక. అదే బాణాలు గీసిన బొమ్మైతే ఒక్క చూపు చాలు. పేర్లు మాత్రం ఆయా గదుల మీదే రాయాలి. అంకెలు వేసి కింద పట్టిక ఇచ్చారంటే, ఫోన్‌లో ఆ పట్టిక తెర దాటిపోతుంది. పైకీ కిందికీ జరుపుకోవడంతోనే ధ్యాస చెదురుతుంది.

అక్షరప్రియ: ఒక్క చూపా? ఆ బొమ్మలో కుడి కర్ణిక చదివేవాడి ఎడమ పక్కన ఉంటుంది. ఆ ముక్క చెప్పడానికి మళ్లీ వాక్యమే దిక్కు.

పేజీమేస్త్రి: బొమ్మ వెడల్పు, ఎత్తు కోడ్‌లో ఇవ్వకపోతే అది ఆలస్యంగా లోడై చదువుతున్న వరుసను కిందికి తోసేస్తుంది. ముందు అది చూసుకోండి.

బొమ్మలబాబు: వాక్యం వద్దని ఎవరన్నారు? ఎడమ, కుడి పట్టుకుని వేలాడుతున్నారు.

చూపు: ఫొటో మీద మామూలు సైజు అక్షరాలు వేస్తే, అక్షరాలకూ వెనకున్న ఫొటోకూ వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి. వాటంతటవే కదిలే బొమ్మలు 5 సెకన్లు దాటితే ఆపే మీట ఇవ్వాలి. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని పెట్టిన ప్రమాణాల్లో (WCAG) ఉన్న మాటే.

అక్షరప్రియ: బాబుగారూ, మీరు చదివేవాణ్ణి పసిపిల్లాడనుకుంటున్నారు.

బొమ్మలబాబు: మీరేమో అందరికీ విషయం ముందే తెలుసనుకుంటున్నారు! కొత్తవాడికి ఆసరా అయ్యే బొమ్మే తెలిసినవాడికి అదనపు బరువు. ఇక్కడ తగాదా బొమ్మ గురించి కాదు, పాఠం ఎవరి కోసమన్నదే.

అక్షరప్రియ: సరే, తెలిసినవాడి కోసమే అంటాను. వాడి సంగతి ఎవరికీ పట్టడం లేదు.

పేజీమేస్త్రి: బొమ్మను మూసి ఉంచి, నొక్కితే తెరుచుకునేలా పెట్టొచ్చు.

బొమ్మలబాబు: కొత్తవాడు నొక్కడు. తనకేం కావాలో వాడికింకా తెలియదు. తెరిచే ఉంచి "దాచు" మీట ఇవ్వండి.

అక్షరప్రియ: అంటే ప్రతి పేజీలోనూ మూసుకునే పని నాదా?