పాత కోడిపెట్టల్లో కొత్తవాటిని కలపడం: రాత్రి గూట్లో పెట్టేస్తే చాలా, నెల రోజులు విడిగా ఉంచాలా?

పెరటిగూడు:
నా దగ్గర మూడేళ్లుగా ఐదు పెట్టలున్నాయి. నాలుగు రోజుల క్రితం ఇంకా గుడ్డుకు రాని మూడు పెట్టలు తెచ్చాను. వయసు నాలుగు నెలలు. తెచ్చిన మధ్యాహ్నమే అన్నిటినీ కలిపి వదిలేశాను, అదే నా తప్పు. పాతవాటిలో ఒక నల్లపెట్ట మూడింటినీ మూలకు తరిమి పొడిచింది. ఒకదాని తల మీద రక్తం వచ్చింది. భయపడి మూడింటినీ తీసి గూడు పక్కనే విడిగా పెట్టాను. ఇప్పుడు మళ్లీ ఎలా కలపాలి? రాత్రి గూట్లో పెడితే తెల్లారేసరికి సర్దుకుంటాయని ఒకరన్నారు. మధ్యలో జాలీ కట్టి వారం పది రోజులు ఒకదానికొకటి కనబడేలా ఉంచమని ఇంకొకరన్నారు.

తొలికూత:
రాత్రే పెట్టండి. నేను ఇరవై ఏళ్లుగా అలాగే కలుపుతున్నాను. చీకట్లో కోడికి చూపు ఆనదు. పాతవి గూట్లో పడుకునే కర్రెక్కి సర్దుకున్నాక కొత్తవాటిని మెల్లగా పక్కన కూర్చోబెట్టండి. అయితే తెల్లవారుజామున మీరు గూటి దగ్గర ఉండాలి. వెలుగు రాగానే తలుపు తీయకపోతే ఆ ఇరుకులో కొత్తవాటికి పారిపోయే దారి ఉండదు. మేత, నీళ్లు ఒకదానికొకటి కనబడకుండా మూడు చోట్ల పెట్టండి. నక్కడానికి నాలుగు చెక్కలు వాలుగా ఆనించండి.

కాస్త పొడుచుకుంటాయి. దానికి టెన్షన్ పడి మధ్యలో దూరకండి. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలన్న వరస ఉంటుందని నార్వే జంతుశాస్త్రవేత్త టోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బే 1921లోనే రాశాడు. ఆ వరస తేలేదాకే గొడవ. మీరు తీసిన ప్రతిసారీ అది మళ్లీ మొదటికొస్తుంది.

తెల్లఈక:
రాత్రా పగలా అన్నది తర్వాతి మాట. కొత్త కోడి ఎక్కడి నుంచి వచ్చినా 30 రోజులు పూర్తిగా విడిగా ఉండాలి. గూడు పక్కన కాదు, ఒకదాని తుమ్ము ఇంకొకదానికి తగలనంత దూరంలో. ముందు పాతవాటికి మేత వేసి, తర్వాత కొత్తవాటి దగ్గరకు వెళ్లాలి. గిన్నెలు వేరు, చెప్పులు వేరు. రోజూ కళ్లు, ముక్కు, రెట్ట చూడండి. రెక్కల కింద, ముడ్డి చుట్టూ ఈకల మొదళ్లలో పేల గుడ్లు తెల్లగా గుత్తులుగా కనబడతాయి. ఈ పనులు చేయకుండా జాలీ గురించి మాట్లాడుకోవడం నాకు అర్థం కాదు.

పెరటిగూడు:
మధ్యాహ్నమంతా కలిసే తిరిగాయి కదండీ. ఒకే గిన్నెలో నీళ్లు తాగాయి. ఇక విడిగా పెట్టి ఏం లాభం?

తెల్లఈక:
లాభం ఉంది. పూట కలిసి ఉండటం వేరు, నెల కలిసి ఉండటం వేరు. ఇవాళే దూరంగా మార్చండి, పాతవాటినీ గమనించండి.

మేతగిన్నె:
ఒక్క మాట. గుడ్లు పెట్టే కోళ్ల మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. నాలుగు నెలల పెట్టకు సుమారు 1 శాతం చాలు, ఎక్కువైతే కిడ్నీలు చెడతాయి. కలిపాక అన్నిటికీ పెరిగే కోళ్ల మేతే వేసి, పాతవాటికి గుల్ల పొడి వేరే గిన్నెలో పెట్టండి. కావలసినవే వెళ్లి తింటాయి.

తొలికూత:
తెల్లఈక గారూ, ఈ 30 ఎక్కడి నుంచి వచ్చింది? కొరైజా, అంటే కోళ్ల జలుబు, తగిలితే ఒకటి నుంచి మూడు రోజుల్లో మొహం వాస్తుంది. కొక్కెర తెగులు రెండు నుంచి పదిహేను రోజుల్లో బయటపడుతుంది. మిగతా పదిహేను రోజులు దేనికి?

తెల్లఈక:
మైకోప్లాస్మాకు, అంటే కోళ్ల ఊపిరిని పట్టే ఒక సూక్ష్మజీవి జబ్బుకు. అది బయటపడటానికి ఆరు నుంచి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. పైగా కొత్త చోటికి వచ్చిన ఒత్తిడిలోనే దాగి ఉన్న జబ్బు పైకి తేలుతుంది.

తొలికూత:
ఇరవై ఒకటైతే ఇరవై ఒకటనండి. 30 ఎందుకు? పైగా ఆ మైకోప్లాస్మా ఒకసారి పట్టిన కోడిని జీవితాంతం వదలదని మీకు తెలుసు. పైకి బాగానే ఉంటుంది, లోపల మోస్తూనే ఉంటుంది. ముప్పయ్యో రోజున కలిపినా అంటిస్తుంది. అలాంటప్పుడు మీ నెల దేన్ని ఆపుతుంది?

తెల్లఈక:
అన్నిటినీ ఆపదు, నిజమే. అందుకే రక్త పరీక్ష చేయిస్తారు. అది కుదరకపోతే చివరి రెండు వారాలు పాతవాటిలో ఒకదాన్ని తీసుకెళ్లి కొత్తవాటితో ఉంచుతారు. దానికేమీ కాకపోతే కొంత ధైర్యం. జబ్బు పడితే ఒకదానితో పోతుంది, మిగతా మంద మిగులుతుంది.

తొలికూత:
అంటే మూడేళ్లు మన చేతి మేత తిన్నదాన్ని ఎర వేయమంటున్నారా? ఏ పెట్టను వేయాలి? గుడ్లు తగ్గినదాన్నా? ఈ మాట మీరు ఎలా రాయగలిగారో నాకు తెలియడం లేదు.

తెల్లఈక:
రాయగలిగాను, ఎందుకంటే నేను ఏడింటిని పాతిపెట్టాను. ఒక తెలిసినవారు ఇచ్చారని ఒకే ఒక్క పెట్టను తెచ్చాను. నిగనిగలాడే ఈకలు, ఎర్రటి తురాయి, చక్కటి నడక. మీరు చెప్పినట్టే రాత్రి కర్ర మీద పెట్టాను. పొడుచుకోలేదు కూడా. పదిహేడో రోజున నా పాతవాటిలో ఒకదాని కంట్లో నురుగు వచ్చింది, తర్వాత గొంతులో గురగుర. ఒకదాని తర్వాత ఒకటి, రెండు నెలల్లో ఏడు పోయాయి. తెచ్చిన పెట్ట ఒక్కసారి కూడా తుమ్మలేదు. దాన్ని చూస్తూ ఆ రెండు నెలలు ఎలా గడిపానో నాకే తెలుసు. కాబట్టి ఒకటా ఏడా అని అడిగితే నేను ఒకటే అంటాను.

ఎర్రకర్ర:
ఇద్దరూ కాస్త ఆగండి. అడిగినవారి కష్టం నల్లపెట్ట. కలిపేటప్పుడు దాన్ని మూడు నాలుగు రోజులు బయట పెట్టండి, కొత్తవాటిని కాదు. తిరిగి వచ్చేసరికి దాని ఊపు తగ్గుతుంది.

తొలికూత:
ఏడు పోవడం చిన్న విషయం కాదు. నాకు బాధగానే ఉంది. కానీ మీరు "విడిగా" అన్నప్పుడల్లా నాకు ఒక పెట్ట గుర్తొస్తుంది. కాలు విరిగితే నలభై రోజులు వేరే గదిలో ఉంచాను. కాలు బాగైంది. తీసుకెళ్లి వదిలితే తన గూటివే దాన్ని గుర్తుపట్టలేదు. కోళ్లు ఒకదాన్నొకటి తల, తురాయి చూసి పోల్చుకుంటాయి. ఆ నలభై రోజుల్లో దాని తురాయి కూడా ముడుచుకుపోయింది. ఐదుసార్లు కలిపాను, ఐదుసార్లూ రక్తం. చివరికి ఏడాదిన్నర ఒంటరిగా జాలీకి ఆనుకుని కూర్చుని పోయింది. జబ్బు నుంచి కాపాడామని అనుకుంటాం. మందలో బతికే ప్రాణికి ఒంటరితనం కూడా జబ్బే.

తెల్లఈక:
ఆ పెట్ట ఒక్కతే ఉంది. ఇక్కడ మూడు ఉన్నాయి, ఒకదానికొకటి తోడు. ఇంకోటి. ఎర అన్నందుకు నా మీద కోప్పడ్డారు. కానీ తల మీద రక్తం వచ్చిన పెట్ట గురించి చదివాకే కదా "మధ్యలో దూరకండి" అని మీరు రాసింది. అక్కడ ఒక్క ప్రాణం మీకు ఎందుకు లెక్కలోకి రాలేదు?

తొలికూత:
అది తప్పుగా రాశాను. తరమడం, ఒకటి రెండు పోట్లు, ఈకలు లేవడం చూసి ఊరుకోవాలి. రక్తం కనబడితే ఆ క్షణమే తీయాలి. ఎర్రగా కనిపిస్తే అంతవరకు ఊరుకున్నవి కూడా వచ్చి పొడుస్తాయి. ఈ ముక్క అప్పుడే రాయాల్సింది.

కానీ మన గొడవ రోజుల లెక్క మీద కాదని ఇప్పుడు తెలుస్తోంది. తెచ్చిన రోజు నుంచీ అవి నా కోళ్లే, వాటి భయం తీర్చడం నా మొదటి పని అంటాను. మీకు ముందున్నవే మీవి, వచ్చినవి ఇంకా పరాయివి.

తెల్లఈక:
అవును. నెల దాకా పరాయివే. మళ్లీ తెచ్చినా ఇదే అంటాను.

మేతగిన్నె:
గాయం పూర్తిగా మాని, కొత్త ఈక వచ్చాకే కలపండి.

పెరటిగూడు:
నెల దాటింది, ఏం జరిగిందో చెబుతాను. మూడింటినీ పెరటి అవతలి చివరకు మార్చి ఇరవై ఐదు రోజులు ఉంచాను. పరీక్ష చేయించలేదు, పాత పెట్టను వాటి దగ్గర పెట్టడానికి నాకు మనసు రాలేదు. తుమ్ములు లేవు. ఒకదానికి పేలున్నాయి, మందు చల్లి వారం తర్వాత గుడ్ల నుంచి మళ్లీ పుట్టినవాటికి ఇంకోసారి చల్లాను. తర్వాత పది రోజులు జాలీ. నల్లపెట్ట మొదటి రెండు రోజులు జాలీని పొడిచింది, ఆ తర్వాత పట్టించుకోవడం మానేసింది. దాన్ని నాలుగు రోజులు బయట పెట్టి మిగతావాటిని కలిపాను. తిరిగి వచ్చాక ఒకసారి తరిమింది, అంతే.

ఇప్పుడు రెండు కర్రెక్కుతున్నాయి. తలకు గాయమైనది మాత్రం చీకటి పడగానే గుడ్లు పెట్టే పెట్టెలో దూరి పడుకుంటోంది. పగలు బాగానే తింటోంది.

తొలికూత:
చీకటి పడ్డాక మీరే ఎత్తి కర్ర మీద, మిగతా రెండు కొత్తవాటి మధ్య పెట్టండి. నల్లపెట్టకు దూరంగా. వారం పడుతుందో రెండు పడతాయో, రోజూ చేయండి.

తెల్లఈక:
సాయంత్రం ఆ పెట్టె మూసేయండి, లేకపోతే తెల్లారేసరికి రెట్టతో నిండి గుడ్లకు అంటుతుంది. ఎత్తినప్పుడు రెక్కల కింద ఒకసారి చూడండి. టార్చితో కర్ర చివర్లు, చెక్కల సందులు కూడా. రక్తం తాగే ఎర్ర పురుగులు పగలు అక్కడే దాక్కుంటాయి. అవి ఉంటే కోడి కర్ర దగ్గరకే రాదు.

పెరటిగూడు:
చూశాను. సందుల్లో ఏమీ లేవు. ఇప్పుడే ఎత్తి ఆ రెండింటి మధ్య పెట్టి వచ్చాను. దిగలేదు.