అసలు భవనానికి బ్రిక్ మోడల్: స్కేల్ భవనానికి కుదరాలా, బొమ్మ మనిషికి కుదరాలా?

లైబ్రరీ_కడుతున్నా:
అందరికీ నమస్కారం. మా కాలేజీ పాత లైబ్రరీ భవనాన్ని లెగోతో కట్టడం మొదలుపెట్టాను. రెండంతస్తులు. ముందు గోడ పొడవు 31 మీటర్లు, పిట్టగోడతో కలిపి ఎత్తు 12.5 మీటర్లు. ముందువైపు తొమ్మిది ఆర్చి కిటికీలు వరసగా ఉంటాయి. ఒక కిటికీ మధ్య నుంచి పక్క కిటికీ మధ్యకి 3.2 మీటర్లు, ఒక్కో కిటికీ వెడల్పు 1.6 మీటర్లు. టేపు పట్టి కొలిచినవే, ఫొటో చూసి ఊహించినవి కావు. లోపల బల్లల దగ్గర మినీఫిగర్లను, అంటే లెగో మనిషి బొమ్మలను కూర్చోబెట్టాలని కోరిక. అందుకే 1:42 అనుకున్నాను. ఆ స్కేల్‌లో కిటికీల మధ్య దూరం 76 మి.మీ. వస్తోంది, అంటే తొమ్మిదిన్నర స్టడ్‌లు (ముక్క మీది బుడిపెలు, ఒక్కోదానికి 8 మి.మీ.). ఆ అర స్టడ్ దగ్గరే ఆగిపోయాను. పదికి పెంచేస్తే తప్పా? పెంచాక కూడా కింద "1:42 స్కేల్ మోడల్" అని రాసుకోవచ్చా?

కంటికొలత:
పెంచేయండి, రాసేయండి. చూసేవాళ్ళెవరూ స్కేలు పట్టుకుని రారు. లెగో వాళ్ళే 2020లో కొలోసియం సెట్ తెచ్చారు, 9,036 ముక్కలు. దాని పొడవు 59 సెం.మీ., ఎత్తు 27 సెం.మీ. అసలు కట్టడం 189 మీటర్ల పొడవు, 48 మీటర్ల ఎత్తు. భాగించి చూడండి: పొడవు ప్రకారం 1:320, ఎత్తు ప్రకారం సుమారు 1:178. సాగదీయకపోతే అది చపాతీలా ఉండేది. సాగదీశారు కాబట్టే చూడగానే కొలోసియం అనిపిస్తోంది.

ప్లేట్ల_లెక్క:
ఆ 27 సెం.మీ.లో కింది స్టాండ్ కూడా ఉంది, అది చెప్పలేదు మీరు.

కంటికొలత:
ఉంటే ఉండనివ్వండి. 1:320లో 48 మీటర్లంటే 15 సెం.మీ. మిగతా 12 సెం.మీ. అంతా స్టాండే అంటారా?

ప్లేట్ల_లెక్క:
అనను. ఎత్తు పెంచారన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ డబ్బా మీద ఎక్కడా 1:320 అని రాయలేదు. నా గొడవంతా అక్కడే. మీకు నచ్చినట్టు సాగదీసుకోండి, మోడల్ అని పిలుచుకోండి. స్కేల్ అంకె రాశారంటే మాత్రం ఎవరైనా మోడల్‌ని కొలిచి, ఆ అంకెతో గుణించి, అసలు కొలత రాబట్టుకోగలగాలి. లేకపోతే ఆ అంకె అలంకారమే.

లైబ్రరీ గారూ, మీ అర స్టడ్ చిన్నదిగా కనిపిస్తోంది గానీ తొమ్మిది కిటికీల మధ్య అది ఎనిమిదిసార్లు వస్తుంది. నాలుగు స్టడ్‌లు, అంటే 32 మి.మీ. 1:42లో అది అసలు భవనం మీద దాదాపు 1.3 మీటర్లు. ఎత్తు పెంచకుండా పొడవు మాత్రమే పెంచితే భవనం కాస్త పొట్టిగా, వెడల్పుగా కూర్చుంటుంది. కిటికీల మధ్య గోడ లావెక్కుతుంది. ఏం మారిందో చూసేవాళ్ళు చెప్పలేరు, కానీ "మన లైబ్రరీలా లేదే" అంటారు.

కచ్చితంగా 1:42లోనే కావాలంటే జంపర్ ప్లేట్లు వాడండి. మధ్యలో ఒకే స్టడ్ ఉన్న 1×2 ప్లేట్ (పలచటి ముక్క) మీద పెట్టినదంతా 4 మి.మీ. పక్కకు జరుగుతుంది. ఒక కిటికీ మామూలుగా, తర్వాతది జంపర్ మీద. తొమ్మిదిన్నర వచ్చేస్తుంది.

సివిల్_మూడో_ఏడు:
జంపర్‌తో దూరం కుదురుతుంది, ఆర్చి కుదరదు. 1.6 మీటర్లు 1:42లో 38 మి.మీ., అంటే ముప్పావు తక్కువ... కాదు, పావు తక్కువ ఐదు స్టడ్‌లు అనుకోండి. 1×6 ఆర్చి ముక్క కింద ఖాళీ 4 స్టడ్‌లు, 1×8 ఆర్చి కింద 6. మధ్యలో ఒక్క ముక్కలో ఐదు రాదు. రెండు సగం ఆర్చిలు కలిపి తంటాలు పడొచ్చు, కానీ తొమ్మిది చోట్ల అదే అతుకు కనిపిస్తుంది.

నేనైతే తిరగేసి ఆలోచిస్తాను. స్కేల్ ముందు పెట్టుకుని ముక్కలు వెతక్కూడదు. ఈ భవనాన్ని గుర్తుపట్టేది ఆ తొమ్మిది కిటికీలతోనే కదా? ఆ కిటికీకి సరిగ్గా సరిపోయే ఆర్చి ముక్క ఏ స్కేల్‌లో ఉందో చూడండి. 1:50 పెట్టండి. 1.6 మీటర్లు 32 మి.మీ., సరిగ్గా 4 స్టడ్‌లు. 3.2 మీటర్లు 64 మి.మీ., సరిగ్గా 8 స్టడ్‌లు. 12.5 మీటర్ల ఎత్తు 250 మి.మీ., 26 బ్రిక్‌లు పేరిస్తే 249.6. మొత్తం పొడవు 77న్నర స్టడ్‌లు. ఆ ఒక్క అరా ఏదో ఒక చివర జంపర్‌తో సర్దేయొచ్చు. పైగా ఆర్కిటెక్టులు రోజూ గీసే స్కేలే ఇది.

ప్లేట్ల_లెక్క:
ఇది బంగారం లాంటి లెక్క. ఎక్కువ చర్చ అనవసరం.

ఒంటిస్టడ్:
"చర్చ అనవసరం" అన్నాక ఈ గ్రూపులో కనీసం ఇరవై పోస్టులు పడటం ఆనవాయితీ.

లైబ్రరీ_కడుతున్నా:
లెక్క చూసి మతిపోయింది, థాంక్యూ. కానీ 1:50లో మినీఫిగర్?

సివిల్_మూడో_ఏడు:
40 మి.మీ. ఇంటూ 50. రెండు మీటర్ల మనిషి. మీ లైబ్రరీలో అందరూ బాస్కెట్‌బాల్ టీమే.

బొమ్మల_పెద్దాయన:
ఎగ్జిబిషన్లలో మోడల్స్ పెట్టేవాణ్ణి కాబట్టి ఒక మాట. అసలు "మినీఫిగర్ స్కేల్" అనే స్కేలే లేదు నాయనా. ఆ బొమ్మ ఎత్తు 40 మి.మీ. 1.7 మీటర్ల మనిషి అనుకుంటే 1:42 వస్తుంది, సరే. అదే బొమ్మని వెడల్పున కొలవండి. రెండు స్టడ్‌ల నడుము, 16 మి.మీ. మామూలు మనిషి భుజాలు 45 సెం.మీ. అనుకున్నా 1:28 వస్తుంది. చేతులు కలిపి కొలిస్తే ఇంకా ఘోరం. ఎత్తుకి ఒక స్కేల్, వెడల్పుకి ఇంకో స్కేల్ ఉన్న మనిషిని కొలబద్దగా పెట్టుకుని భవనం కడితే ఏమవుతుంది? కుర్చీ వెడల్పు చాలదు, మెట్ల మీద బొమ్మ నిలబడదు, బల్లల మధ్య దారి ఉండదు. లోపల అన్నీ 1:28 వైపు లాగుతాయి, బయట గోడ 1:42లో ఆగుతుంది. చివరికి అసలు లైబ్రరీలో ఎనిమిది బల్లలుంటే మీ దాంట్లో నాలుగే పడతాయి.

తలుపు సంగతి కూడా చెప్తాను. మినీఫిగర్ల కోసం వచ్చే పెద్ద తలుపు 4 స్టడ్‌ల వెడల్పు, 6 బ్రిక్‌ల ఎత్తు, 57.6 మి.మీ. 1:42లో అది దాదాపు 2.4 మీటర్లు. పాత భవనాలకి పరవాలేదు. అదే 1:50లో 2.9 మీటర్లవుతుంది. అంటే 1:50కి వెళితే ఆ తలుపు ముక్కని కూడా వదులుకోవాలి, ప్లేట్లు, టైల్స్‌తో (స్టడ్‌లు లేని నున్నటి ముక్కలు) సొంతంగా కట్టుకోవాలి. ఇది తెలిసే వెళ్ళండి.

కంటికొలత:
చూశారా, ఇప్పుడు తలుపు కూడా పోయింది, మనుషులు పోయారు. లెక్క కుదిరింది, లైబ్రరీ ఖాళీ అయింది! మనుషులు లేని లైబ్రరీని చూస్తూ పిల్లలు ఎంతసేపు నిలబడతారు? లోపల ఒక మూల ఎవరో నిద్రపోతున్న బొమ్మ పెట్టండి, ఒక్కడు కూడా కదలడు అక్కడి నుంచి.

అసలు కొలత కంటే కన్ను గొప్పదని నేను కొత్తగా చెప్తున్నది కాదు. పార్థెనాన్ కట్టినవాళ్ళే స్తంభాలు మధ్యలో కాస్త ఉబ్బుగా చెక్కారు, నేల కూడా మధ్యలో కొంచెం పైకి లేపారు. తిన్నగా కడితే కంటికి వంగినట్టు కనిపిస్తుందనే అని చాలామంది చెప్పే కారణం. భవనం కట్టినవాడే కంటి కోసం సర్దుకుంటే, దాని బొమ్మ కట్టేవాడికి ఎందుకింత పట్టుదల?

ప్లేట్ల_లెక్క:
మీ ఉదాహరణ నా వైపే పనిచేస్తోంది సార్. ఆ ఉబ్బు పార్థెనాన్ కొలతల్లో భాగం. పొడవు వైపు నేల మధ్యలో లేచింది సుమారు 11 సెం.మీ. దాని మోడల్ 1:100లో కడితే ఆ 11 సెం.మీ. 1.1 మి.మీ. అవుతుంది. మన ప్లేట్ మందం 3.2. అంటే మూడో వంతు ప్లేట్. బ్రిక్స్‌తో అది రాదు. రానిదాన్ని వదిలేస్తాం, అంతే. ముక్క చేతకానితనం వేరు, కావాలని సాగదీయడం వేరు. ప్రతి కొలతనీ దగ్గరున్న ప్లేట్‌కి సవరించుకుంటే ఎక్కడా 1.6 మి.మీ. కంటే ఎక్కువ తేడా రాదు. అలా కట్టినదాని కింద స్కేల్ రాయడానికి నాకు అభ్యంతరం లేదు.

లెగో వాళ్ళే అంటున్నారు కదా, వాళ్ళ ఈఫిల్ టవర్ చూడండి. 2022 సెట్, 10,001 ముక్కలు, 149 సెం.మీ. అసలు టవర్ 330 మీటర్లు. 1:221. కాళ్ళ దగ్గర అసలు వెడల్పు 125 మీటర్లు, ఆ స్కేల్‌లో 56న్నర సెం.మీ. సెట్ అడుగు 57 సెం.మీ. నిలువుకీ అడ్డానికీ ఒకే స్కేల్. అది అందంగా లేదని ఎవరైనా అన్నారా?

బొమ్మల_పెద్దాయన:
ఈఫిల్ టవర్‌లో ఎవరూ కూర్చుని చదువుకోవాల్సిన పని లేదు. అందుకే కుదిరింది.

ఇంకో సంగతి. లెగోలాండ్ పార్కుల్లో మినీలాండ్ అని ఉంటుంది. అక్కడ మామూలుగా వాడే స్కేల్ 1:20. మనుషుల్ని కూడా మినీఫిగర్లతో కాదు, ఆ స్కేల్‌కి బ్రిక్స్‌తోనే కడతారు. కానీ 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాని 1:20లో కడితే 41 మీటర్లవుతుంది. దుబాయ్ లెగోలాండ్‌లో దాన్ని 17 మీటర్లకే కట్టారు. జీతం తీసుకుని ఇదే పని చేసేవాళ్ళు కూడా ఎక్కడ పట్టుబట్టాలో, ఎక్కడ వదలాలో చూసుకుంటారు. అయితే వాళ్ళు ఏం చేశారో గమనించండి: భవనాన్ని మొత్తంగా తగ్గించారు, ఎత్తు మాత్రమే నరికి వెడల్పు అలాగే ఉంచలేదు. మన లైబ్రరీ తమ్ముడికి కూడా నా సలహా అదే. మనుషులు కావాలంటే మినీఫిగర్లని వదిలేసి 1:50కి సరిపడా చిన్న మనుషుల్ని ముక్కలతో కట్టు. 1.7 మీటర్లంటే 34 మి.మీ., మూడున్నర బ్రిక్‌ల ఎత్తు. గుండ్రటి 1×1 ముక్కలతో కడితే దూరం నుంచి మనుషుల్లాగే ఉంటారు.

ఒంటిస్టడ్:
దగ్గర్నుంచి గ్యాస్ సిలిండర్లలా ఉంటారు. అయినా నా ఓటు పెద్దాయనకే.

కంటికొలత:
సిలిండర్ల లైబ్రరీ. బాగుంది. నా మాట నేను వెనక్కి తీసుకోను: మనుషులు కూర్చోగలిగే 1:42 కట్టి, పదికి పెంచి, కింద స్కేల్ అంకె రాయకండి. "ఫలానా లైబ్రరీ" అని మాత్రం రాయండి. అప్పుడు ప్లేట్ల లెక్క గారికి కూడా పేచీ ఉండదు.

ప్లేట్ల_లెక్క:
ఉండదు. అంకె లేకపోతే నాకు సంబంధం లేదు. కానీ ఆయన అడిగిందే అంకె రాయొచ్చా అని.

సివిల్_మూడో_ఏడు:
ముక్కల ఖర్చు ఎవరూ మాట్లాడట్లేదు. గోడ ఉపరితలం స్కేల్ వర్గంతో మారుతుంది. 42ని 50తో భాగించి వర్గం చేస్తే 0.7. అంటే 1:50లో గోడలకి పట్టే ముక్కలు దాదాపు 30 శాతం తక్కువ. ఇంకొకటి, ముందు బ్రిక్‌లింక్ స్టూడియోలో (కంప్యూటర్‌లో లెగో మోడల్స్ గీసే ప్రోగ్రామ్) గీసుకోండి, ఉచితమే. కాకపోతే అందులో ఏ ముక్కకైనా ఏ రంగైనా వేయనిస్తుంది, ఆ రంగులో ఆ ముక్క ఎప్పుడూ తయారు కాకపోయినా సరే. ఆర్చి ముక్క మీ గోడ రంగులో అసలు దొరుకుతుందో లేదో చూసుకున్నాకే గోడ రంగు ఖాయం చేయండి.

లైబ్రరీ_కడుతున్నా:
రంగు సంగతి మంచి టైమ్‌కి చెప్పారు. నిర్ణయం ఇది: 1:50. తొమ్మిది కిటికీలు సరిగ్గా రావడమే నాకు ముఖ్యం. లోపలి బల్లలు మానేస్తున్నాను, కిటికీల్లోంచి పుస్తకాల బీరువాలు కనిపిస్తే చాలు. మెట్ల మీద పెద్దాయన చెప్పిన చిన్న మనుషులు నలుగురు. కింద 1:50 అని రాస్తాను. కంటికొలత గారూ, కోపం వద్దు.

ఒక్కటి మిగిలింది. పెంకుల కప్పు వాలు 30 డిగ్రీలు. కప్పుకి వరసలుగా పేర్చే పెద్ద స్లోప్ ముక్కల్లో దగ్గరగా ఉన్నది 33. దాంతో కట్టేయనా, కీలు ప్లేట్ల మీద టైల్స్ పరిచి సరిగ్గా 30కి వంచనా?

కంటికొలత:
33. మూడు డిగ్రీలు దేవుడికి కూడా కనబడవు.

ప్లేట్ల_లెక్క:
కప్పు సగం వెడల్పు ఎంతో చెప్పండి ముందు. 7 మీటర్లు ఉందంటే ఆ మూడు డిగ్రీలు శిఖరం దగ్గర అర మీటరు.